ఏసీఎల్ (మోకాలి ఎముకలను పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్) తెగినా మామూలుగానే నడుస్తున్నాను. ఆపరేషన్ మానేస్తే కీలు అరిగిపోతుందా?

తెగినతాడు:
ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాను. ఎమ్మారైలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్త) బాగానే ఉందని వచ్చింది. వాపు తగ్గి చాలా కాలమైంది, కుంటడం లేదు. సర్జన్ ఆపరేషన్ చేయించుకోకపోతే కీళ్లవాతం ఖాయమంటున్నారు. ఫిజియో ఆగి చూద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఎముకలపని:
సర్జన్ మాట వినండి. ఏసీఎల్ లేకపోతే మోకాలి కింది ఎముక ముందుకు జారుతుంది, కాస్త మెలి కూడా తిరుగుతుంది. ఇన్నేళ్లూ బరువుకు అలవాటు పడని చోట కార్టిలేజ్ (ఎముకల చివర ఉండే నున్నటి పొర) మీద ఒత్తిడి పడుతుంది. రోజుకు వేల అడుగులు వేస్తాం, అరగక ఏమవుతుంది?

నడకశాస్త్రం:
ఫిజియోని, రోజూ ఇవే మోకాళ్లు చూస్తుంటాను. జారడం గురించి పైన చెప్పింది నిజమే. కానీ "కుంటడం లేదు" అన్న మాట దగ్గర ఆగాలి.

మడమ నేలకు తాకగానే మోకాలు 15–20 డిగ్రీలు వంగి బరువును మెత్తగా అందుకోవాలి. ఆ పని తొడ ముందు కండరం చేస్తుంది. మోకాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు అదే కండరం కింది ఎముకను ముందుకు లాగుతుంది, ఆ లాగుడును ఆపేది ఏసీఎల్. అది లేదని తెలిసిన శరీరం కొందరిలో ఆ కండరాన్ని తక్కువగా వాడుతుంది. 1990లో బెర్చుక్, ఆండ్రియాకీ అనే పరిశోధకుల బృందం దీన్ని నమోదు చేసింది. ఇంకొందరిలో ముందు, వెనుక కండరాలు ఒకేసారి బిగుసుకుని మోకాలు కర్రలా అవుతుంది. రెండూ మామూలు కంటికి ఆనవు. ఫోన్‌ని మోకాలి ఎత్తున పక్కన పెట్టి స్లో మోషన్‌లో తీసి, రెండు కాళ్లూ పోల్చి చూడండి.

అరుగుదల అనగానే అందరూ ఎక్కువ బరువు వల్లనే అనుకుంటారు. మామూలు నడకలోనే కీలు మీద శరీర బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది, అందులో ఎక్కువ వాటా లోపలి వైపుది. దెబ్బ తగిలిన కాలి మీద మొదటి నెలల్లో ఆ బరువు తరచూ తగ్గుతుంది. 2016లో ఒక చిన్న అధ్యయనంలో, ఆ దశలో లోపలి వైపు తక్కువ బరువు మోపినవాళ్లలోనే ఐదేళ్ల తర్వాత ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువగా కనిపించింది. కార్టిలేజ్‌కి తగినంత బరువు పడటం కూడా అవసరమే.

ఎముకలపని:
అయితే ఆపరేషన్ చేస్తే నడక సరిపోతుందిగా!

నడకశాస్త్రం:
గ్రాఫ్ట్ (తెగినదాని స్థానంలో పెట్టే కొత్త లిగమెంట్) వేసిన నెలల తర్వాత కూడా చాలామందిలో రెండు కాళ్ల నడకలో తేడా మిగులుతుంది. కండరం బలం తిరిగి రాకపోతే కొత్త లిగమెంట్ ఒక్కటే ఏం చేస్తుంది? 2010లో స్వీడన్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 121 మందిలో కొందరికి ముందే ఆపరేషన్, మిగతావారికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్లకు మోకాలి నొప్పి, పనితీరు స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎముకలపని:
ఐదేళ్లకు ఆ రెండో గుంపులో సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. అదెందుకు దాటేశారు?

నడకశాస్త్రం:
దాటేయలేదు, అక్కడికే వస్తున్నా. మిగతా సగానికి అవసరమే రాలేదు కదా! మోకాలు పదే పదే పట్టు తప్పేవాళ్ల సంగతి వేరు. 2022లో బ్రిటన్ ట్రయల్‌లో అలాంటివాళ్లకు ఆపరేషనే మెరుగ్గా పనిచేసింది. అందుకే "ఖాయం" అన్న మాటతో నాకు పేచీ. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలోనూ కీళ్లవాతం వస్తుంది.

తెగినతాడు:
వీడియో తీశాను. ఎడమ మోకాలు సరిగ్గా వంగడం లేదు, నిజమే. ఇంకోటి, మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి పట్టు తప్పినట్టవుతుంది. పడలేదు గానీ. నిన్న కూడా అయింది.

నడకశాస్త్రం:
ఇది మొదటి పోస్టులో లేదు కదండీ! అయితే నా జవాబు మారుతుంది. ఏసీఎల్ లేనప్పుడు ఎముక ముందుకు జారకుండా ఆపేది లోపలి మెనిస్కస్ వెనుక భాగం. జారిన ప్రతిసారీ దెబ్బ దాని మీదే పడుతుంది. ఈ వారంలోనే సర్జన్‌ని కలిసి ఈ మెట్ల సంగతి చెప్పండి. ఈలోగా మలుపులు తిరిగే ఆటలు వద్దు, తొడ వ్యాయామాలు మాత్రం ఆపకండి.

ఎముకలపని:
నేను మొదటే చెప్పాను.

నడకశాస్త్రం:
మీరు చెప్పింది పట్టు తప్పని మోకాలికండీ.