"పదబి?" అంటే "కిరాణా కొట్టు" అన్న మా తాతయ్య

ఈ గ్రూపులో ఒడియా వచ్చినవాళ్ళు కొందరున్నారు కాబట్టి అడుగుతున్నాను. 'పదవి' అనే మాట గురించి.

మాది ఒడిశాలోని బరంపురం, మూడు తరాలుగా ఇక్కడే. నిన్న మా అబ్బాయి స్కూలు ఫారం నింపుతుంటే నాన్న పాత కథ ఎత్తుకున్నారు. చిన్నప్పుడు తాతయ్య ఆయన్ని బడిలో వేయడానికి తీసుకెళ్ళారట. గుమాస్తా పేరు రాసుకుని, తలెత్తకుండానే "పదబి?" అన్నాడట. తాతయ్యకి బేరసారాలకి సరిపడే ఒడియా తప్ప రాదు. చేతులు కట్టుకుని "పదవేమీ లేదు బాబూ, కిరాణా కొట్టు" అన్నారట. గుమాస్తా పగలబడి నవ్వి, పేరు చివరున్న 'రావు'ని తీసి ఆ గడిలో రాసేశాడు. మా ఇంటిపేరు కాగితాల మీంచి పోయింది ఆ రోజే. ఇప్పుడు నేను రావు, మా ఆవిడ రావు, మూడేళ్ళ మా అమ్మాయి కూడా రావే!

ఒడియాలో పదవి అంటే మన ఇంటిపేరు. పట్నాయక్, మహాపాత్ర, సేనాపతి, ప్రధాన్... అన్నీ ఒకప్పుడు కొలువులోనో ఊళ్ళోనో దక్కిన హోదాలే. మనకేమో ఎక్కువగా ఊళ్ళ పేర్లు. మనం 'మీరు ఎక్కడివాళ్ళు' అంటాం, వాళ్ళు 'మీరేం చేసేవాళ్ళు' అంటారు. తేడా ఇదేనా?

పర్లాకిమిడి (రిటైర్డ్ తెలుగు మాస్టారు): అంత గట్టి గీత గీయకు నాయనా. కవిత్రయంలో మూడో ఆయన్ని ఎర్రాప్రగడ అనలేదూ? ఎర్ర పేరు, ప్రగడ మంత్రి హోదా. పదవి పేరు వెనకాలే ఉంది చూడు, అచ్చం ఒడియా పద్ధతే. మంత్రిప్రగడ, కరణం, ఇవన్నీ ఉద్యోగాలు కాక ఏమిటి?

ఇంకొకటి. శ్రీకాకుళం వైపు 'పట్నాయకుని' అనే ఇంటిపేరుంది. చివర ఆ 'ని' గమనించు. పట్నాయక్‌ని తీసుకొచ్చి, పట్నాయకుడు అని డుమువర్ణం తగిలించి, 'పట్నాయకుని వారు' అని మన విభక్తిలో కూర్చోబెట్టి, పేరుకి ముందు పెట్టుకున్నారు. హోదా కాస్తా ఇల్లయింది. ఇక పదవి అంటావా, సంస్కృతంలో దానికి దారి అనే అర్థం కూడా ఉంది.

రాయగడ: మాస్టారూ, మా సంగతి వేరు. మా ఇంటిపేరు పోలేదు కానీ వెనక్కి పోయింది. పైగా ఒడియాలో వకారం బకారంగా పలుకుతారుగా, వెంకట కాస్తా బెంకట అయ్యాడు. ఒక సర్టిఫికెట్లో వి, ఇంకోదాంట్లో బి. ఆ ఇద్దరూ నేనేనని అఫిడవిట్ రాయించుకుని తిరుగుతున్నా.

కాశీబుగ్గ: ఇంటిపేరు విలువ పెళ్ళి దగ్గర తెలుస్తుంది. మా చెల్లికి బరంపురం సంబంధం వచ్చింది. రెండు బయోడేటాల్లోనూ రావు. చూసిన ఒడియా పక్కింటావిడ "ఒకే ఇంటివాళ్ళకి పెళ్ళేమిటి?" అని కంగారుపడిపోయింది. మనకి రావు-రావు సమస్య కాదు, ఇంటిపేరూ గోత్రమూ కలవకూడదు. తీరా అడిగితే పిల్లాడికి తన ఇంటిపేరు తెలీదు! వాళ్ళ నాయనమ్మకి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఆ పది నిమిషాలు మా అమ్మ టెన్షన్ చూడాలి.

బరంపురం, నేత కుటుంబం: మా దగ్గర రెండూ పక్కపక్కనే నడుస్తాయి తమ్ముడూ. ఇంట్లో మాట్లాడేది తెలుగే. రాజమండ్రి వైపు నుంచి వచ్చామంటారు మా పెద్దవాళ్ళు. కానీ మా కులపెద్దని దేశి బెహరా అంటాం. బెహరా ఒడియా మాటే. రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి జాతరప్పుడు అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశి బెహరా వీధిలోనే. సాయంత్రాలు ఘటం ఊరేగుతుంటే వీధంతా ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసి నిలబడతారు. ఆ రోజుల్లో ఆయన ఇంటిపేరు అడిగిన మనిషిని నేను చూడలేదు, బెహరా అంటే చాలు. మీ తాతయ్యని ఆ గుమాస్తా అడిగింది ఇలాంటిదే కాబోలు.

కాశీబుగ్గ: మన మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారూ బరంపురంలోనే పుట్టారు, 1894లో. గిరి ఇంటిపేరు కాదు. వరాహగిరి ఇంటిపేరు, వెంకటగిరి పేరు. దేశమంతా పిలిచిన గిరి ఆ వెంకటగిరి తోక. ఇంటిపేరేమో మొదటి 'వి'లో ముడుచుకుని కూర్చుంది.

పర్లాకిమిడి మాస్టారు: ఆ మాటకొస్తే మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు వారిని అందరూ గిడుగు అనే అంటారు. 'రామమూర్తి గారి జయంతి' అంటే ఎవరికీ వెంటనే వెలగదు. పాతికమంది రామమూర్తులుంటారు కదా.

(మొదటి పోస్టు పెట్టినవాణ్ణి): మాస్టారూ, ప్రగడ దెబ్బకి నా సిద్ధాంతం పోయింది. ఒప్పుకుంటున్నా. అక్కా, దేశి బెహరా సంగతి ఇన్నాళ్ళూ ఇదే ఊళ్ళో ఉండి ఆలోచించలేదు.

ఫారం విషయం: చివరి గడిలో రావు తప్పదు, నాన్న సర్టిఫికెట్లన్నీ అలాగే ఉన్నాయి. మధ్య గడి ఖాళీగా ఉంటే అక్కడ ఇంటిపేరు రాశాను. చోటు చాలక ఆఖరి అక్షరం గీత దాటి బయటికొచ్చింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "పక్కనే కిరాణా కొట్టు అని కూడా రాయరా, మీ తాతయ్య మాట పోకుండా" అన్నారు.