హెచ్4 వీసా మీద ఉన్న అమ్మాయికి కాలేజీ స్కాలర్‌షిప్‌లు, సలహా కావాలి

డాలస్ కొత్త: అందరికీ నమస్తే. ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. మా అమ్మాయి 11వ గ్రేడ్, హెచ్4 (ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా). స్కాలర్‌షిప్ అని వెతికితే వందల్లో వస్తున్నాయి, పిల్లకి ఏపీ క్లాసులకే (హైస్కూల్లో కాలేజీ స్థాయి చదువు) నిద్ర చాలట్లేదు. తక్కువ టైంలో ఎలా అప్లై చేయాలో చెప్పరూ.

ప్లేనో బాబాయ్: మీరు అడగాల్సింది స్కాలర్‌షిప్ గురించి కాదండీ, ఇన్‌స్టేట్ ట్యూషన్ గురించి, అంటే ఆ రాష్ట్రం వాళ్ళకి పబ్లిక్ కాలేజీల్లో ఉండే తక్కువ ఫీజు. హెచ్4కి ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం అడిగే ఫారం) మీద ఫెడరల్ డబ్బు రాదు, అది వదిలేయండి. టెక్సస్‌లో హెచ్4 వాళ్ళు కూడా డొమిసైల్, అంటే ఇక్కడే స్థిరనివాసమని చూపించొచ్చు, 12 నెలలు ఇక్కడ ఉన్నట్టు కాగితాలు కావాలి. లీజు, టాక్స్ రిటర్న్, జీతం స్లిప్పులు ఒక్కటీ పారేయకండి. ఈ ఒక్కదాంతో మిగిలేది పది స్కాలర్‌షిప్‌లు కలిపినా రాదు.

ఎడిసన్ అక్క: బాబాయ్ గారు ఏ ప్రశ్నకైనా ఇన్‌స్టేట్ అనే అంటారు 😀 తమ్ముడూ, పాపకి ఒకటే చెప్పు, ఏది ఓపెన్ చేసినా ముందు ఎలిజిబిలిటీలో సిటిజెన్‌షిప్ లైన్ చదవమను. కోకా-కోలా స్కాలర్స్ ఉంది కదా, ఏటా 150 మందికి 20,000 డాలర్లు, కానీ హెచ్4 కుదరదు. మా వాడు అది చూడకుండా వారం రోజులు కూర్చున్నాడు. మిగిలినవి ఎక్సెల్‌లో పెట్టి డెడ్‌లైన్ ప్రకారం కాదు, ఎస్సే ప్రశ్న ప్రకారం సార్ట్ చేయమను. తిప్పి తిప్పి మూడే అడుగుతారు: ఎదుర్కొన్న కష్టం, చేసిన సేవ, ఈ మేజర్ (కాలేజీలో ప్రధాన సబ్జెక్టు) ఎందుకు. మూడూ బాగా రాసుకుంటే మిగతాదంతా కత్తిరింపే. కాకపోతే జాగ్రత్త, మా వాడు అలా అతికించి పంపిన ఎస్సే చివరి పేరాలో వేరే ఫౌండేషన్ పేరు అలాగే ఉండిపోయింది, సబ్మిట్ కొట్టాక రాత్రి పదకొండున్నరకి చూసుకున్నాం, ఏం చేస్తాం. రికమెండేషన్ లెటర్ టీచర్‌ని సమ్మర్ సెలవులకి ముందే అడగాలి, సెప్టెంబర్‌లో అడిగితే అప్పటికే క్యూ ఉంటుంది.

ఓహియో నుంచి: అప్లై చేయడం సరే, వచ్చాక సంగతి ఎవరూ చెప్పరేంటి. మా అమ్మాయికి బయట నుంచి 3,000 వచ్చింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశాం, కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి చెప్పాలంటే చెప్పాం, వాళ్ళు సరిగ్గా 3,000 వాళ్ళిచ్చే గ్రాంట్‌లోంచి (తిరిగి కట్టక్కర్లేని డబ్బు) కోసేశారు, ఫోన్ చేస్తే ఒకావిడ ఇంకొకావిడకి కలిపింది, ఆవిడ ఈమెయిల్ పెట్టమంది, ఈమెయిల్‌కి జవాబు మూడు వారాలకి, "మా పాలసీ" అని ఒక్క ముక్క. చివరికి మేమే వెళ్ళి కూర్చుంటే గ్రాంట్ బదులు లోన్ తగ్గించారు. ముందే అడగండి, బయటి డబ్బు వస్తే ఏది తగ్గిస్తారు అని.

ప్లేనో బాబాయ్: అన్ని చోట్లా అంతే, చేసేదేం లేదు.

ఎడిసన్ అక్క: ఎందుకు లేదు, మేరీల్యాండ్ 2017లోనే పబ్లిక్ కాలేజీలు అలా కోయకుండా చట్టం చేసింది.

ప్లేనో బాబాయ్: వాళ్ళుండేది టెక్సస్ తల్లీ.

ఎడిసన్ అక్క: హెచ్4కి ఏమీ రాదని మొదలెట్టింది మీరే. చాలా ప్రైవేటు కాలేజీలు తమ సొంత సాయం ఇవ్వడానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం తీసుకుంటాయి, వీసా ఏదైనా సరే. హార్వర్డ్, ఎంఐటీ లాంటివి ఫీజు కట్టలేరని విదేశీ పిల్లల్ని కూడా పక్కన పెట్టవు.

ప్లేనో బాబాయ్: ఏమీ రాదని నేననలేదు, ఫెడరల్ డబ్బు అన్నాను. అయినా ఎంఐటీలో సీటు ముందు రావాలిగా!

ఓహియో నుంచి: అప్లికేషన్ ఫీజు అడిగే స్కాలర్‌షిప్ ఏదైనా కనిపిస్తే ఆ పేజీ మూసేయండి, ఇదొకటి చెప్పడం మర్చిపోయా. ఊళ్ళో లైబ్రరీ, క్రెడిట్ యూనియన్, మీ కంపెనీ వాళ్ళు ఇచ్చే చిన్నవి ముందు చూడండి, పోటీ తక్కువ. లిస్టు స్కూల్ కౌన్సెలర్ దగ్గర ఉంటుంది.

డాలస్ కొత్త: చాలా థాంక్స్ అండీ. బాబాయ్ గారూ, లీజులో నా పేరొక్కటే ఉంది, పాప పేరు లేదు, పర్లేదా?

ప్లేనో బాబాయ్: పర్లేదు, డిపెండెంట్ పిల్లకి తల్లిదండ్రుల డొమిసైలే చూస్తారు. చూశావా అక్కా, చివరికి నా దగ్గరికే వచ్చారు.