కారు తుప్పు: ఏది మనమే చేసుకోవచ్చు, ఏది షాపుకివ్వాలి?

వెండికారు:
నమస్తే అండి. కారుకి 11 ఏళ్లు. మూడు చోట్ల తుప్పు కనబడుతోంది. బానెట్ అంచున రాయి తగిలి పెయింట్ లేచిన చోట ఎర్ర మచ్చ. వెనక చక్రం ఆర్చ్ అంచు వెంబడి శనగగింజంత పొక్కులు నాలుగైదు. డోరు కింది సిల్ (గడప లాంటి బోలు రేకు పట్టీ) మీద, జాకీ పెట్టే చోటికి దగ్గర్లో, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది. రంగు మెటాలిక్ సిల్వర్. సాండర్ ఉంది, వెల్డింగ్ రాదు. ఏవి ఇంట్లో చేసుకోవచ్చు?

రేకుపని:
మూడూ తుప్పే గానీ మూడింటికీ ఒకటే వైద్యం కాదండి. ముందు స్క్రూడ్రైవర్ పిడితో మూడు చోట్లా తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తినేసిన రేకు మొద్దుగా మోగుతుంది. తర్వాత మొనతో గట్టిగా నొక్కండి. లోపలికి దిగినా, రేకు లొంగినా అక్కడ కోసి వెల్డింగ్ చేయాల్సిందే.

బానెట్ మచ్చ మాత్రం మీరే చేసుకోండి. సబ్బుతో కడిగి, వ్యాక్స్, గ్రీజు పోయే క్లీనర్‌తో తుడిచాకే సాండింగ్ మొదలుపెట్టాలి. లేకపోతే ఆ జిడ్డంతా గీతల్లోకి దిగుతుంది. 80 నంబర్ గరుకు కాగితంతో (సాండ్ పేపర్) తెల్లటి లోహం తేలేదాకా రుద్దండి. దగ్గరగా చూస్తే సూదిమొనంత నల్లచుక్కలు కనిపిస్తాయి. అదీ తుప్పే, గుంటల్లో దాక్కున్నది. వైర్ బ్రష్ వీల్ వాటిని మెరిపిస్తుందే గానీ తీయదు, చాలామంది మోసపోయేది ఇక్కడే. చుట్టూ ఉన్న పెయింట్ అంచుని 180, ఆపైన 320 నంబర్ పేపర్‌తో, వేలికి మెట్టు తగలనంత నున్నగా దించండి. చెమట తగిలినా తుప్పు మొదలవుతుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి. ఎపాక్సీ ప్రైమర్ (లోహానికి పట్టుకుని నీటిని ఆపే అడుగు పూత) రెండు కోట్లు ఆ రోజే పడిపోవాలి.

ఆర్చ్ పొక్కుల్ని తేలిగ్గా తీసుకోకండి. అక్కడ రెండు రేకులు కలిసి మడత పడతాయి, మడతలో బురద చేరి లోపలినుంచి తింటుంది. పొక్కు కనబడిందంటే తుప్పు బయటికి వచ్చేసిందని అర్థం. గీకి చూస్తే కింద మచ్చ పొక్కుకంటే బాగా పెద్దదిగానే ఉంటుంది.

రెండుకోట్లు:
పై మాటకి కొంత కలుపుతాను. ఆ నల్లచుక్కలకి రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) వాడొచ్చు గానీ, డబ్బా మీద రాసింది చదవకుండా దాని మీద ఎపాక్సీ కొట్టకండి. అందులోని ఫాస్ఫోరిక్ యాసిడ్ మిగిలిపోతే ప్రైమర్ పట్టు వదిలేస్తుంది. పొరలుగా లేచే తుప్పు మీద కన్వర్టర్ పూయడం దండగ, పై పొరకే పనిచేస్తుంది. లప్పం తేమ పీలుస్తుంది. అది ఎపాక్సీ మీద పెట్టాలి, తుప్పు మీద ఎప్పుడూ పెట్టకూడదు. మామూలు ప్రైమర్ కొట్టి వారాల తరబడి వదిలేసినా నీరు దిగుతుంది.

ఇక మాస్క్ సంగతి. 2కె క్లియర్ కోట్ అంటే హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపి రంగు మీద కొట్టే పారదర్శక పూత. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే హానికర రసాయనాలు ఉంటాయి. దుమ్ము మాస్క్ వాటిని ఆపదు, వాసన తెలిసేలోపే ఊపిరితిత్తులకు హాని జరగొచ్చు. బయటినుంచి గాలి అందించే మాస్క్ లేకపోతే 2కె మీరు ముట్టుకోవద్దు. బానెట్ మచ్చకి హార్డెనర్ లేని 1కె క్లియర్ సరిపోతుంది. సిల్వర్ రంగు స్ప్రే గన్ దూరాన్ని బట్టి, గాలి ఒత్తిడిని బట్టి మారిపోతుంది. రంగు కోడ్ ఒకటే అయినా అతుకు తెలుస్తుంది. అందుకే షాపులో కొత్త రంగుని చుట్టూ పాత రంగులోకి క్రమంగా పలచగా కలిపేసి, ప్యానెల్ మొత్తానికీ క్లియర్ కొడతారు.

వెండికారు:
తట్టి చూశాను. బానెట్ గట్టిగానే ఉంది. ఆర్చ్‌లో రెండు పొక్కుల దగ్గర మొన లోపలికి దిగింది. సిల్ మొద్దుగా మోగుతోంది.

రేకుపని:
అయితే ఆర్చ్, సిల్ రెండూ ఒకేసారి షాపుకివ్వండి. వెల్డింగ్, పెయింట్ ఒక్క దెబ్బలో అయిపోతాయి. సిల్ బండి బరువు మోసే భాగం. పక్కనుంచి గుద్దుకుంటే మనిషిని కాచేదీ అదే. అక్కడ ఫైబర్‌గ్లాస్, లప్పం పనికిరావు.

షాపులో ఇవి అడగండి. మంచి లోహం వచ్చేదాకా కోస్తారా, తుప్పు మీదే కొత్త రేకు అతికిస్తారా? లోపలి రేకు కూడా చూస్తారా? అతుకుల దగ్గర వెల్డ్-త్రూ ప్రైమర్ (పూసిన మీదే వెల్డింగ్ చేయగలిగే ప్రైమర్) పూస్తారా? పనయ్యాక సిల్ లోపల తుప్పు ఆపే వ్యాక్స్ కొడతారా? వెల్డింగ్ వేడికి లోపల వైపు పెయింట్ మాడిపోతుంది. ఆ వ్యాక్స్ లేకపోతే కొత్త రేకు అక్కడినుంచే మళ్లీ తుప్పు పడుతుంది. కోసి తీశాక, పెయింట్‌కి ముందు ఫోటోలు అడగండి. "లెవెల్ చేసి రంగేస్తాం" అని మాత్రమే చెప్పేచోట ఇవ్వకండి. లప్పం మందంగా ఉన్నచోట అయస్కాంతం సరిగా అతుక్కోదు, బండి తీసుకునేటప్పుడు చూసుకోండి.

షాపుకిచ్చేలోగా ఆర్చ్ లోపలి బురద కడిగేయండి, సిల్ కింది నీటి రంధ్రాలు పూడుకుపోతే సన్న తీగతో తెరవండి. మీద తారు కోటింగ్ మాత్రం కొట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది, వెల్డింగ్ సమయంలో మంట అంటుకుంటుంది కూడా. టైరు మార్చాల్సి వస్తే ఆ సిల్ దగ్గర జాకీ పెట్టొద్దు.