గురి పుట్టుకతో వస్తుందా, సాధనతో వస్తుందా?

తొలిగురి:
ఎయిర్ పిస్టల్ నేర్చుకోవాలని ఉంది. కానీ చెయ్యి చాచి పట్టుకుంటే కుదురుగా నిలవడం లేదు, పైగా కళ్లద్దాలు. మంచి షూటర్ కావాలంటే చూపు, వణకని చెయ్యి పుట్టుకతోనే ఉండాలని కొందరంటున్నారు. నిజమేనా?

పదోవలయం:
కాదండీ. ఈ మాట నమ్మి మొదలుపెట్టకుండానే మానేసేవాళ్లున్నారు, నా బాధంతా అదే. అస్సలు కదలని చెయ్యి ఎవరికీ ఉండదు, ఒలింపిక్ ఫైనల్లో ఉన్నవాళ్లకైనా కాస్త ఊగుతుంది. లెక్క చూడండి: టార్గెట్ 10 మీటర్ల దూరంలో, పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్టల్ వంగకుండా మొత్తంగా 1 మి.మీ. పక్కకు జరిగితే గుండు కూడా అంతే జరుగుతుంది, పది ఎక్కడికీ పోదు. అదే ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజడం వల్ల మణికట్టు తిరిగి, ముందు సైటు (గొట్టం చివర గురి చూసుకునే ముక్క) వెనక సైటు గాడిలోంచి ఆ 1 మి.మీ.యే తప్పిందనుకోండి, రెండు సైట్ల మధ్య 33 సెం.మీ. ఉంటే టార్గెట్ మీద దాదాపు 30 మి.మీ. తేడా వచ్చి ఏడు పాయింట్ల వలయంలో పడుతుంది. అందుకే చూపు ముందు సైటు మీద ఉండాలి, టార్గెట్ మధ్యలోని నల్లచుక్క మసగ్గా కనిపించినా ఫరవాలేదు. అద్దాలతో ఆడేవాళ్లు బోలెడుమంది.

హంగేరీ షూటర్ కారోయ్ తకాచ్ సంగతి చూడండి. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతింటే ఎడమచేత్తో మళ్లీ నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు. ఆ ఎడమచెయ్యి పుట్టుకతో గురి తెచ్చుకుందా?

నల్లచుక్క:
తకాచ్ కుడిచేత్తోనే గొప్ప షూటర్ అండీ, ఆ బుర్ర, ఆ నిబ్బరం ఆయనకు ముందే ఉన్నాయి, మారింది చెయ్యి ఒక్కటే. వణుకు అంత చిన్న విషయమైతే, దాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులను షూటింగ్‌లో పోటీల్లోనే కాదు, బయట కూడా ఎందుకు నిషేధించారు? టెన్షన్ తట్టుకోవడం అందరికీ రాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అమెరికా రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమన్స్ ఆధిక్యంలో ఉండి చివరి షాట్‌ను పక్కవాళ్ల టార్గెట్ మీద కొట్టాడు, దానికి సున్నా. ఆయనకు సాధన తక్కువా?

పదోవలయం:
బీటా బ్లాకర్ల మాట ఒప్పుకుంటాను, పతకం ఒక్క పాయింటులో తేలేచోట ఆ కొద్ది వణుకూ లెక్కలోకి వస్తుంది. కానీ అడిగినవారు ఇంకా పిస్టల్ పట్టడమే నేర్చుకోలేదు, ఆ దశలో పాయింట్లు పోయేది ట్రిగ్గర్ దగ్గర. ఇక ఎమన్స్ అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో (బోర్లా పడుకుని రైఫిల్ కాల్చే పోటీ) స్వర్ణం గెలిచాడు, కాబట్టి ఆ ఒక్క షాట్‌తో ఆయన నిబ్బరాన్ని కొలవకండి. షాట్‌కు ముందు టార్గెట్ నంబర్ చూసుకోవడం కూడా నేర్చుకునే అలవాటే.

తొలిగురి గారూ, గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్ రోజూ చేయండి, ఎదురుగా చుక్కకూడా లేని తెల్ల గోడ చాలు. నొక్కాక కూడా ఓ క్షణం చెయ్యి దించకుండా ముందు సైటు ఎటు కదిలిందో చూడండి, తప్పు అక్కడే కనిపిస్తుంది. చెయ్యి ఎత్తాక ఎక్కువసేపు ఊపిరి బిగబట్టకండి, షాట్ కుదరలేదనిపిస్తే దించేసి మళ్లీ ఎత్తండి. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. మీది స్ప్రింగుతో పనిచేసేదైతే మాత్రం గుండు లేకుండా పేల్చవద్దు, లోపలి పిస్టన్ దెబ్బతినొచ్చు. డ్రై ఫైర్ ఏర్పాటు ఉన్న మ్యాచ్ పిస్టల్ (పోటీల్లో వాడేది) దొరుకుతుందేమో కోచ్‌ను అడగండి.