ఇంట్లో చేసే మెట్ల పీట: స్క్రూలు చాలా, బెజ్జాలు తొలచాలా?

హన్మకొండ వాసి:
సజ్జ మీది డబ్బాలు దించడానికి అమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కుతోంది. చూస్తేనే టెన్షన్. అందుకే రెండు మెట్ల పీట నేనే చేశా. 19 మి.మీ. ప్లైవుడ్, మెట్టుకు 20 సెం.మీ. ఎత్తు, ఫెవికాల్, స్క్రూలు. ఆదివారం ఒక్కపూటలో అయిపోయింది. ఇంతమాత్రానికి వడ్లాయన ఎందుకు?

పరకాల:
ప్లై అంచులోకి స్క్రూలు దించితే పొరలు విడిపోతాయి. మనిషి ఎక్కే పీటకు మంచి కట్టె తీసుకుని, బెజ్జం తొలిచి, కాలు చివర అందులోకి దిగ్గొట్టాలి. మేకులు కొట్టిన పీట కాలు ఊడి మా పెద్దమ్మ మణికట్టు విరిగింది.

హన్మకొండ వాసి:
మేకులు వేరు, స్క్రూలు వేరు అన్నా. ముందు సన్న బిట్టుతో డ్రిల్ చేసి, తర్వాతే బిగించా. ఒక్క పొర కూడా విడలేదు. ఆ పీట ఏ కట్టె?

పరకాల:
వేప. కొట్టిన నెలలోనే చేశారు.

హన్మకొండ వాసి:
మరి పచ్చి కట్టె ఎండితే అడ్డంగా కుంచించుకుపోదా? మేకు పట్టు వదిలేస్తుంది. బెజ్జంలో పెట్టినా వదులయ్యేదే.

మంచిర్యాల:
టేకు వాడండి, గొడవే ఉండదు.

కాజీపేట:
పీటకు టేకెందుకు సార్? పాత దర్వాజా కట్టె చాలు, ఎప్పుడో ఎండి ఉంటుంది.

పరకాల:
స్క్రూలు, స్క్రూలు అని అదే పట్టుకున్నారు. ఆ పీట చేసింది వడ్లాయన కాదు, వీడియో చూసి మా అన్న చేశాడు. మా నాన్న నలభై ఏళ్లు బాడిస పట్టాడు. పచ్చి కట్టెను గోటితో గీరి చూసి పక్కన పెట్టేవాడు. ‘ఇంతమాత్రానికి వడ్లాయన ఎందుకు’ అని ఊరంతా అనుకున్నాకే ఆయనకు పని లేకుండా పోయింది. నాకు గుచ్చుకున్నది మీ స్క్రూ కాదు, ఆ మాట.

హన్మకొండ వాసి:
నేను వెళ్లలేదనుకున్నారా? ఒకాయనకు 500 అడ్వాన్స్ ఇచ్చా. రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు తిప్పాడు. ఈలోపు అమ్మ కుర్చీ మీంచి జారింది. గట్టు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఇంకా ఆగమంటారా?

పరకాల:
ఆయన చేసింది తప్పే. దానికి అందరినీ అనొద్దు. పక్క పలకల మధ్య కింద అడ్డపట్టీ వేశారా?

హన్మకొండ వాసి:
లేదు.

పరకాల:
నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఒకటి బిగించండి, లేకపోతే పీట పక్కకు ఊగుతుంది. అదయ్యేదాకా అమ్మను ఎక్కనివ్వొద్దు. స్క్రూలకు మాత్రం నేను ఒప్పుకోను.