బ్రూక్లిన్ జీలియో ఉత్సవానికి అమ్మను తీసుకెళ్లాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి?

జూలైలో అమ్మ నరసాపురం నుంచి మా దగ్గరికి వస్తోంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌ పేటలో ఇటాలియన్లు జరిపే జీలియో ఉత్సవాన్ని ఆమెకు చూపించాలని నా కోరిక. నేపుల్స్ దగ్గరి నోలా నుంచి వలస వచ్చినవారు 1903లో దాన్ని ఇక్కడ మొదలుపెట్టారు. సుమారు 70 అడుగుల ఎత్తు, 4 టన్నుల బరువున్న జీలియో అనే గోపురాన్ని, దాని పీఠం మీది బ్యాండు మేళంతో సహా, 100 మందికి పైగా భుజాలకెత్తుకుంటారు.

నిరుడు నేను చివరి పది నిమిషాలే చూడగలిగాను. నాయకుడు చేతికర్ర ఎత్తగానే అందరూ ఒక్క ఊపున లేచారు. నాకు దగ్గరగా ఉన్న పెద్దాయన మెడ మీద మడతపెట్టిన తువ్వాలు, దాని పక్కన కమిలిపోయిన భుజం. అంతర్వేది రథం గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. గోపురం కనిపిస్తూ, కాస్త నీడ ఉండి, మడతకుర్చీ వేసుకోనిచ్చే చోటు ఎక్కడ? ఎన్నింటికి చేరుకోవాలి? ఆమె గుడ్డు కూడా ముట్టదు. అక్కడ అమ్మే జెప్పోలే (నూనెలో వేయించే తీపి ఉండలు) పిండిలో గుడ్డు కలుపుతారా? జీలియో అంటే లిల్లీ పువ్వట. చర్చిలో, ఈ ఉత్సవంలో కొలిచే సెయింట్ పౌలినస్ విగ్రహం దగ్గర మేము లిల్లీలు ఉంచవచ్చా? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి.