గెస్ట్ టైమర్ గాడి తప్పితే హోస్ట్ కూలాలా?

పాతకాపు: లినక్స్ కేవీఎంలో (ఒక యంత్రంపై, అంటే హోస్ట్‌పై, గెస్ట్‌లనే వర్చువల్ యంత్రాలను, అంటే వీఎంలను, నడిపే కెర్నల్ భాగం) ఆర్మ్ ప్రాసెసర్ల టైమర్ కోడ్‌ను చూస్తున్నాను. వీసీపీయూ (గెస్ట్‌కు ఇచ్చే వర్చువల్ ప్రాసెసర్) నిద్రకు వెళ్లే ముందు దాని తరఫున హెచ్‌ఆర్‌టైమర్‌ను (కెర్నల్‌లోని సూక్ష్మ టైమర్‌ను) పెట్టే చోట, అది అప్పటికే పెట్టి ఉంటే బగ్_ఆన్‌తో (షరతు నిజమైతే కెర్నల్ అక్కడే ఆగిపోయే తనిఖీతో) ఆపేసే కోడ్ లైను ఒకప్పుడు ఉండేది. అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. టైమర్ స్థితి చెడ్డాక గెస్ట్ చూసే కాలాన్ని నమ్మలేము, తప్పుడు గడియారంతో నడిచే డేటాబేస్ కంటే ఆగిపోయిన డేటాబేసే నయం.

రాత్రిపాళీ: పాతకాపు గారూ, బగ్_ఆన్ ఆపేది గెస్ట్‌ను మాత్రమే కాదండీ. నడుస్తున్న థ్రెడ్ చచ్చిపోతుంది, అది పట్టుకున్న లాక్‌లను విడిచేవారుండరు, ఇంటరప్ట్ సందర్భంలోనైతే హోస్ట్ మొత్తం ప్యానిక్ అవుతుంది, అంటే కూలిపోతుంది. ఆ యంత్రంపై 30 వీఎంలు ఉంటే, ఏ పాపం ఎరుగని 29 కూడా పోతాయి. పైగా మీరు చూపిన సందర్భంలో అంత ప్రమాదమేమీ లేదు: పెట్టి ఉన్న హెచ్‌ఆర్‌టైమర్‌ను మళ్లీ పెడితే అది కొత్త గడువుతో వరుసలో చేరుతుంది, అంతే. కొత్త కోడ్‌లో బగ్_ఆన్ వాడవద్దని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

పాతకాపు: అయితే ఆపకుండా లాగ్‌లో హెచ్చరిక మాత్రం రాసే వార్న్_ఆన్ పెట్టి చేతులు దులుపుకుందామా?

రాత్రిపాళీ: అదీ కాదు. ఒక వార్న్ ట్రేస్ (ఆ హెచ్చరికతో అచ్చయ్యే వివరాలు) సుమారు 3,000 అక్షరాలు ఉంటుందనుకోండి. 115200 బాడ్ సీరియల్ కన్సోల్‌పై అది వెళ్లడానికి పావు సెకను పైనే పడుతుంది. 250 హెర్ట్జ్‌తో నడిచే గెస్ట్‌కు టిక్ 4 మిల్లీసెకన్లకొకటి. ప్రతి టిక్‌కూ హెచ్చరిక వస్తే ఆ సీపీయూకు కన్సోల్‌కు రాయడం తప్ప వేరే పని ఉండదు, కనుక కనీసం ఒక్కసారే హెచ్చరించే వార్న్_ఆన్_వన్స్ కావాలి. అదైనా గెస్ట్ తన ఇష్టప్రకారం రాజేయగలిగే చోట పెట్టకూడదు, ఎందుకంటే ప్యానిక్_ఆన్_వార్న్ (ఏ హెచ్చరిక వచ్చినా ప్యానిక్ అయ్యే అమరిక) పెట్టుకున్న హోస్ట్‌లో ఆ ఒక్క హెచ్చరికే బగ్_ఆన్ కంటే ఘోరమవుతుంది.

కొత్తవాడు: 2021లో వచ్చిన కేవీఎం_బగ్_ఆన్ ఈ తగవును తీర్చదా? అది హెచ్చరించి, ఆ ఒక్క వీఎంను చచ్చినదిగా గుర్తిస్తుంది, వీఎంను నడిపే ప్రోగ్రామ్ కెర్నల్‌కు చేసే తర్వాతి ఐఆక్టల్ పిలుపులకు ఈఐఓ అనే లోపసంకేతాన్ని తిప్పికొడుతుంది.

పాతకాపు: చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఈఐఓ వచ్చాక రిజిస్టర్లను కూడా చదవలేము, వీఎంను మరో హోస్ట్‌కు తరలించే దారీ మూసుకుపోతుంది.

రాత్రిపాళీ: గడియారం చెడిందని మొదట అన్నది మీరే కదండీ, ఆ స్థితిని పట్టుకెళ్లి రెండో హోస్ట్‌లో పెడదామంటారా?